కర్నూలులో ఇల్లు కొనేముందు లాయర్ సంగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

కల్లూరులో ప్లాటు కానీ, నంద్యాల రోడ్డులో అపార్ట్‌మెంట్ కానీ, పాతూరులో తాతల నాటి ఇల్లు కానీ కొనేముందు మనవాళ్లు వాస్తు చూపిస్తారు, బోరు నీళ్లు రుచి చూస్తారు, మేస్త్రీని తీసుకెళ్లి గోడలు తట్టిస్తారు. దస్తావేజులు మాత్రం రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు ఎవరికో చూపించి అయిందనిపిస్తారు. చాలా కుటుంబాలకు ఇది జీవితంలో ఒక్కసారి పెట్టే డబ్బు. లాయర్‌ని ఎప్పుడు కలవాలి, ఎలాంటి లాయర్‌ని ఎంచుకోవాలి, ఆయన దగ్గర ఏం రాబట్టుకోవాలి అని కొనేవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

లాయర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? బేరం కుదరకముందా, కుదిరాకా?

ధర నోటిమాటగా కుదిరాక, బయానా చేతులు మారకముందు. ఈ మధ్యలో ఉన్న రెండు మూడు రోజులే అన్నిటికన్నా విలువైనవి.

బయానా ఇచ్చేశాక లాయర్ చెప్పే మాట మన చెవికి ఎక్కదు. రెండు లక్షలు ఇచ్చి ఉంటాం, ఇంట్లో అందరికీ చెప్పి ఉంటాం. అప్పుడు లాయర్ ‘ఈ లింకు డాక్యుమెంట్ (ఆస్తి అంతకుముందు చేతులు మారిన దస్తావేజు) లేదు, ఆగండి’ అంటే ఆయనే అడ్డుపడుతున్నట్టు అనిపిస్తుంది. బయానాకు ముందైతే అదే మాటను మన మంచికే చెప్పాడని వింటాం.

‘ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఈరోజే ఇవ్వాలి’ అని తొందరపెడితే చిన్న మొత్తం బ్యాంకు ద్వారా ఇవ్వండి. ‘లాయర్ పరిశీలనలో హక్కు సరిగా లేదని తేలితే ఈ మొత్తం పూర్తిగా వాపసు ఇస్తాను’ అని అమ్మేవాళ్ల చేత రాయించి సంతకం తీసుకోండి. అలా రాయడానికి ఒప్పుకోని వాళ్లకు బయానా ఇవ్వొద్దనే నా సలహా. నగదుగా ఇచ్చే అలవాటు కూడా మానాలి. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తం నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు. అంతకన్నా పెద్ద సమస్య ఏమిటంటే, గొడవ వస్తే నగదు ఇచ్చామని కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం.

జిరాక్స్ కాపీలు అడిగితే ‘ముందు బయానా, తర్వాత కాగితాలు’ అనేవాళ్ల దగ్గర ఇక బేరం అక్కర్లేదు.

డాక్యుమెంట్ రైటర్ ఉన్నాడు కదా, ఇంకా లాయర్ ఎందుకు?

డాక్యుమెంట్ రైటర్లలో ఎంతో అనుభవం ఉన్నవాళ్లున్నారు. దస్తావేజు తప్పుల్లేకుండా రాయడం, స్టాంపు డ్యూటీ లెక్క కట్టడం, స్లాట్ బుక్ చేయడం వాళ్ల పని. అమ్మేవాళ్లకు అసలు అమ్మే హక్కు ఉందా లేదా అన్నది మనం వాళ్లను అడగం, వాళ్లూ దానికి పూచీ పడరు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సంగతి కూడా అంతే. ‘రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక టెన్షన్ లేదు’ అనుకుంటాం. రిజిస్ట్రేషన్ అంటే ఫలానా వ్యక్తి ఫలానా దస్తావేజు రాసిచ్చాడని ప్రభుత్వ పుస్తకాల్లో నమోదు కావడం. ఆ ఆస్తి నిజంగా అతనిదేనని ప్రభుత్వం హామీ ఇవ్వడం కాదు. హక్కుకు ప్రభుత్వమే పూచీగా ఉండే పద్ధతి కోసం రాష్ట్రంలో 2022లో భూ హక్కు చట్టం తెచ్చారు. అది పెద్ద వివాదమై 2024లో రద్దయింది. కాబట్టి హక్కు ఉందో లేదో చూసుకునే బాధ్యత నేటికీ కొనేవాళ్లదే.

బ్యాంకు వాళ్ల లాయర్ చూసి లోన్ ఇచ్చారు. అది చాలదా?

చాలదు. బ్యాంకు ప్యానెల్ లాయర్ ఇచ్చే రిపోర్టు బ్యాంకు కోసం. తాను ఇచ్చే అప్పుకు ఆస్తి తాకట్టుగా పనికొస్తుందా అన్నదే బ్యాంకుకు కావలసింది. ఆస్తి మీద మీరు పెట్టే సొంత డబ్బు గురించి బ్యాంకుకు పట్టింపు లేదు. రేపు ఎవరో దావా వేసి హక్కు పోయినా ఈఎంఐ మాత్రం మీ జీతంలోంచే కట్టాలి.

లీగల్ ఫీజు మీ దగ్గరే తీసుకుంటారు కాబట్టి ఆ రిపోర్టు కాపీ అడగండి. ఇస్తే మీ లాయర్‌కి చూపించండి. ఇద్దరు చూసిన కాగితాల్లో తేడా ఉంటే అది అక్కడే బయటపడుతుంది.

బ్రోకర్ తెలిసిన లాయర్ అంటున్నాడు. ఖర్చు తగ్గుతుందని ఇద్దరికీ ఒకరే ఉంటే తప్పా?

ఒప్పుకోవద్దు. బేరం పూర్తయితేనే బ్రోకర్‌కి కమీషన్. ఆయన తెచ్చే లాయర్‌కి రేపు మళ్లీ పని కావాలంటే ఆ బ్రోకరే ఇవ్వాలి. ఆ లాయర్ ఎంత మంచివాడైనా, ‘ఇది కొనొద్దు’ అనే మాట ఆయన నోట రావడం కష్టం. మీకు కావలసింది ఆ ఒక్క మాట చెప్పగలిగిన మనిషి.

మొదటిసారి కలిసినప్పుడే సూటిగా అడగండి: ‘సార్, ఈ అమ్మేవాళ్లకు గానీ, ఈ లేఅవుట్ వాళ్లకు గానీ మీరెప్పుడైనా పని చేశారా?’ పార్టీలతో తనకున్న సంబంధాన్ని క్లయింటుకు దాచకుండా చెప్పాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోనే ఉంది. ఈ ప్రశ్నకు మంచి లాయర్ నొచ్చుకోడు.

మంచి లాయర్‌ని ఎలా వెతకాలి?

లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. అందుకే పేపర్లో, హోర్డింగుల మీద వెతికితే దొరకరు. అడిగి తెలుసుకోవాల్సిందే. మీరు కొనబోయే కాలనీలోనే గత రెండు మూడేళ్లలో ఇల్లు కొన్నవాళ్లను అడగండి. ‘మీ లాయర్ ఎవరు’ అని ఆపకుండా ‘ఆయన మీకు ఏం తెమ్మన్నాడు, ఏం అభ్యంతరం చెప్పాడు’ అని అడగండి. ‘ఏమీ లేదు, చూసి ఓకే అన్నాడు’ అంటే వేరేవాళ్లను వెతకండి. ‘నెలరోజులు తిప్పాడు, అమ్మేవాళ్ల అక్క సంతకం కావాలని పట్టుబట్టాడు’ అని విసుక్కుంటూ చెప్పారంటే, ఆ లాయర్ పేరు రాసుకోండి.

సివిల్ వైపు పనిచేసే లాయర్ కావాలి. క్రిమినల్ కేసుల్లో ఎంత పేరున్నా ఈ పనికి అది అక్కరకు రాదు. జిల్లా కోర్టులో భాగపంపకాల దావాలు, స్వత్వం దావాలు, ఇంజంక్షన్లు నడిపిన మనిషైతే మరీ మంచిది. కాగితం ఎక్కడ తెగుతుందో, పదేళ్ల తర్వాత ఎవరు వచ్చి దావా వేస్తారో కళ్లారా చూసి ఉంటాడు.

ఆయన ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడగండి. ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో నమోదైన ప్రతి న్యాయవాదికీ అది ఉంటుంది. కోర్టు చుట్టుపక్కల నల్లకోటు లేకుండా ‘లీగల్ పనులు చూస్తాం’ అని తిరిగేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల అభిప్రాయానికి ఏ విలువా లేదు.

ఆ తర్వాత ఆయన మిమ్మల్ని ఏం అడుగుతున్నాడో గమనించండి. కాగితాలు తిరగేస్తూ అమ్మేవాళ్ల తండ్రి ఎప్పుడు పోయారు, అక్కచెల్లెళ్లు ఎంతమంది, ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారు, పక్క ఇల్లు ఎవరిది అని అడిగితే ఆయన పని తెలిసినవాడు. అయిదు నిమిషాల్లో ‘అంతా క్లియర్’ అన్నవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, అక్కడ పెద్ద లాయర్ తెలుసు. కర్నూలు లాయరే కావాలా?

చట్టం తెలిసిన లాయర్ ఎక్కడైనా దొరుకుతాడు. ఫలానా సర్వే నంబర్ కథ తెలిసినవాడు ఇక్కడే దొరుకుతాడు.

మనది దత్త మండలాల గడ్డ. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్లకు అప్పగించాక కాలక్రమంలో రైత్వారీ లెక్కలు, అంటే ప్రతి రైతు పేరునా భూమి, శిస్తు నేరుగా రాసుకునే పద్ధతి, వచ్చాయి. ఆ లెక్కల మీద తర్వాత వచ్చిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, అంటే ఆర్‌ఎస్ఆర్, ఇవాళ్టికీ మూలం. అందులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవి చుక్కల భూములు. వీటి చిక్కు తీర్చడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఇవి కాక నవాబుల కాలం నాటి ఇనాములు, దర్గాలకూ మసీదులకూ రాసిన వక్ఫ్ భూములు, గుడి మాన్యాలు, పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టాలు, వంక పోరంబోకులు ఉన్నాయి. ఊరు పెరిగే కొద్దీ ఇవన్నీ ప్లాట్లలో కలిసిపోయాయి. పైకి చూస్తే సిమెంటు రోడ్డు, కరెంటు స్తంభాలు, రంగురంగుల కమాను కనిపిస్తాయి. కింద సర్వే నంబర్‌లో సగం డీకేటీ అయి ఉండొచ్చు.

డీకేటీ భూమిని అమ్మడాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి హక్కు కల్పిస్తూ 2023లో సవరణ వచ్చింది. అందులో అక్రమాలు జరిగాయని 2024లో ప్రభుత్వం అలాంటి భూముల రిజిస్ట్రేషన్లను ఆపి విచారణకు పెట్టింది. ‘ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్’, అంటే అమ్ముకునే హక్కు వచ్చేసింది, అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఇక్కడి లాయర్ అయితే 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, చూస్తాడు. అక్కడితో ఆగకుండా ఆర్‌ఎస్ఆర్ నకలు తెప్పిస్తాడు, తహసీల్దార్ ఆఫీసులో కనుక్కుంటాడు, వక్ఫ్, దేవాదాయ శాఖల గెజిట్‌లు తిరగేస్తాడు.

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయింది. కొన్ని రికార్డులకు ఎక్కడికి వెళ్లాలో కొత్తవాళ్లకు తెలియదు.

తుంగభద్ర బ్రిడ్జి దాటి పుల్లూరు, అలంపూర్ చౌరస్తా వైపు ప్లాటు కొంటున్నారా? అది కర్నూలుకు దగ్గరే. కానీ అది తెలంగాణ. చట్టాలు వేరు, భూమి రికార్డుల పోర్టల్ వేరు, నిషేధిత జాబితా వేరు. అక్కడ గద్వాల వైపు పనిచేసే లాయర్‌ని పెట్టుకోవాలి.

ఒరిజినల్ దస్తావేజులు 2009 వరదలో పోయాయంటున్నారు. నమ్మొచ్చా?

కర్నూలులో ఇది తరచుగా వినిపించే మాట. చాలామంది విషయంలో నిజం కూడా. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు పాతూరులో మేడ మీదికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు బీరువాలోని కాగితాల కోసం ఆగలేదు. ఆ నష్టం నిజంగా అనుభవించిన కుటుంబాలను అనుమానంతో అవమానించకూడదు. అలాగని విచారించకుండా కొనకూడదు. ఎందుకంటే ఒరిజినల్ చేతిలో లేకపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. అది ఎక్కడో తాకట్టులో ఉండొచ్చు.

లాయర్ ఇక్కడ తేదీలు చూడాలి. ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో, 2009 తర్వాత బ్యాంకు తనఖా నమోదై ఉందనుకోండి, ఒరిజినల్ చూడకుండా ఆ బ్యాంకు అప్పు ఎలా ఇచ్చింది? అలాంటప్పుడు వరద కథ నిలవదు. తనఖా తీరిందంటే బ్యాంకు తిరిగి ఇచ్చిన కాగితాలు ఏవి? ఆ ఇల్లు ఉన్న వీధి అసలు మునిగిందా? ఎత్తులో ఉన్న కాలనీలో ఇల్లు పెట్టుకుని వరదలో కాగితాలు పోయాయంటే ఇంకా గట్టిగా అడగాలి. ఇలాంటివి పట్టుకోవడానికి ఊరి లాయర్ కావాలి.

కథ నిజమేననిపిస్తే చేయాల్సినవి ఇవి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి దస్తావేజు సర్టిఫైడ్ నకలు తీయాలి. పోలీసులకు ఫిర్యాదు ఇప్పించి, దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. మీ లాయర్ పేరుతో తెలుగు దినపత్రికలో ప్రకటన వేసి అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్ది ఫీజు కట్టి వెతికితే 2011 నుంచి బ్యాంకులు నమోదు చేసిన తాకట్లు తెలుస్తాయి. ఒరిజినల్ పోయిన సంగతి, దాన్ని ఎక్కడా తాకట్టు పెట్టలేదన్న హామీ, తేడా వస్తే నష్టం భరిస్తామన్న మాట అమ్మకం దస్తావేజులోనే రాయించాలి. ఇన్నీ చేయించే ఓపిక లేని లాయర్‌తో ఇలాంటి ఇల్లు కొనకండి.

ఈసీ ‘నిల్’ అని వచ్చింది. ఇంకేం చూడాలి?

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్స్ పుస్తకాలు వెతికించాలి. పాతూరు ఇళ్లకు ఇది తప్పనిసరి.

ఈసీలో కనిపించనివి చాలా ఉన్నాయి. రిజిస్టర్ కాని వీలునామా, ఇంట్లో మాట్లాడుకుని తెల్లకాగితం మీద రాసుకున్న భాగపరిష్కారం, మామూలు జీపీఏ (తన తరఫున పనులు చేయమని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం), నోటరీ చేసిన అగ్రిమెంటు, ఒరిజినల్ అప్పజెప్పి తీసుకున్న ప్రైవేటు అప్పు, కోర్టులో నడుస్తున్న దావా. దావా నడుస్తుండగా కొన్నవాళ్లు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే, తమకు తెలియదన్నా చెల్లదు. అందుకే ఈ-కోర్ట్స్ సైట్‌లో అమ్మేవాళ్ల పేరుతో, వాళ్ల తండ్రి పేరుతో, అన్నదమ్ముల పేర్లతో వెతికించండి. ఇంటిపేరు ముందు ఒకసారి, వెనక ఒకసారి పెట్టి చూడాలి, స్పెల్లింగులు మార్చి మార్చి చూడాలి.

ఇంటి నంబర్లు కూడా మారాయి. పాత డోర్ నంబర్‌తో ఒక ఈసీ, కొత్త నంబర్‌తో ఒకటి, సర్వే నంబర్‌తో ఒకటి తీయమని లాయర్‌ని అడగండి. ఒక్క నంబర్‌తో తీసిన ‘నిల్’ని నమ్మి ఎవరూ నిద్రపోకూడదు.

వారసుల సంతకాలు ఎవరెవరివి కావాలి? అందరూ ‘ఆడపిల్లలకు ఇచ్చేశాం’ అంటారు.

మన దగ్గర కోర్టుకెక్కే ఇళ్ల తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే. అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

హిందూ కుటుంబాల్లో ఆస్తి తండ్రి స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది మొదట తేల్చాలి. స్వార్జితమైతే, ఆయన వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే తల్లి కూడా సమాన వాటాదారులు. పిత్రార్జితంలో పెళ్లికాని కూతుళ్లకు సమాన హక్కును మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తింపజేసింది. 2005లో కేంద్ర చట్టం కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ చట్టం అమల్లోకి వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన అమ్మకాలు, రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం చట్టం వెళ్లదు. ‘పెళ్లికి కట్నం ఇచ్చాం, ఇక వాటా ఏముంది’ అన్న మాటకు కోర్టులో విలువ లేదు. ఆ ఆడపడుచు తన వాటా వదులుకుంటున్నానని రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాసి ఇచ్చిందా? లేకపోతే అమ్మకం దస్తావేజులో ఆమె కూడా అమ్మేవాళ్లలో ఒకరుగా సంతకం పెట్టాలి. ఆమెకు డబ్బులో వాటా అందిందో లేదో కనుక్కోండి. అందకపోతే కొన్నాళ్లకు కోర్టు నోటీసు మీ ఇంటికే వస్తుంది.

పాతూరులో ముస్లిం కుటుంబాల ఇళ్లు ఎక్కువ. వాళ్ల వారసత్వం వేరు. పుట్టుకతో వచ్చే హక్కు లేదు, తండ్రి పోయాకే వాటాలు తెరుచుకుంటాయి. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో కొడుకుకు రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు. ఒక్క కొడుకు సంతకంతో కొంటే అతని వాటా మాత్రమే వస్తుంది. హిబా, అంటే దానం, నోటిమాటతో కూడా చెల్లుతుంది. అయితే ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం మూడూ జరిగి ఉండాలి. ‘అబ్బాజాన్ నాకు హిబా చేశారు’ అంటే ఎప్పుడు, ఎవరి ముందు, ఆ తర్వాత పన్ను ఎవరు కట్టారు, ఇల్లు ఎవరి చేతిలో ఉంది అని అడగగలిగే లాయర్ కావాలి. మైనర్ల వాటా ఉంటే తల్లి సంతకం చాలదు. ఏ మతం వాళ్లయినా మైనర్ల ఆస్తి విషయంలో కోర్టు అనుమతి సంగతి తేల్చుకునే ముందుకు వెళ్లాలి.

తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. దాంతో ఆగకుండా వీధిలో ఇద్దరు పెద్దవాళ్లను ‘ఈ ఇంటివాళ్లకు పిల్లలెంతమంది’ అని అడగండి. సర్టిఫికెట్‌లో లేని పేరు ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది.

యజమాని ఊళ్లో లేరు, జీపీఏ ఉన్న మనిషి అమ్ముతున్నాడు. కొనొచ్చా?

కొనొచ్చు, కానీ యజమానితో మీరూ లాయరూ వీడియో కాల్‌లో మాట్లాడాలి. జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా అది అక్కడితో చెల్లదు. రద్దు చేసుకున్నా మనకు తెలియకపోవచ్చు. జీపీఏలో ‘అమ్మడానికి, డబ్బు తీసుకోవడానికి, రిజిస్టర్ చేయడానికి’ అధికారం స్పష్టంగా ఉందో లేదో లాయర్ చదవాలి.

జీపీఏ మీదనే ఇల్లు ‘కొన్నాను’ అనుకోవడం మాత్రం తప్పు. జీపీఏతో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

నేను విదేశంలో ఉంటాను, రాలేను. ఎలా?

మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఈ ఒక్క ఆస్తికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపిస్తే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. లాయర్‌కే పవర్ ఇచ్చేయకండి. ఇంకో సంగతి: అమ్మేవాళ్లు ఎన్‌ఆర్‌ఐ అయితే మీరు ధరలోంచి కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, లెక్క వేరు, మామూలు 1 శాతం కాదు. దాన్ని ఆడిటర్‌తో ముందే మాట్లాడండి.

అపార్ట్‌మెంట్‌కి కూడా ఇంత అవసరమా?

అవసరమే, ప్రశ్నలే మారతాయి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించి కడితే ప్రాజెక్టు రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు కావాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు. స్థల యజమానికీ బిల్డర్‌కీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో మీరు కొనే ఫ్లాటు ఎవరి వాటాలో ఉందో లాయర్ చూడాలి. స్థలమే కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేని లేఅవుట్‌లో ఉంటే, అప్పట్లో వ్యవసాయ భూమి నుంచి మార్పిడి రుసుం కట్టిన రసీదు లేకపోతే, పైన ఎంత అందమైన ఫ్లాటున్నా ఆగండి.

లాయర్ ఇల్లు చూడటానికి రావాలా?

రావాలి. కనీసం జూనియర్ని పంపాలి. దస్తావేజులో చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, ఒకటి, నేల మీద ఇంకొకటి ఉండటం మన దగ్గర మామూలే. తూర్పున దారి అని రాసి ఉంటుంది, వెళ్లి చూస్తే పక్కింటి గోడ. ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఎవరికి అద్దె కడుతున్నారో అడిగితే చాలాసార్లు అసలు యజమాని ఎవరో తెలిసిపోతుంది. కొలతలకు సర్వేయర్ని పెట్టుకోండి, అది లాయర్ పని కాదు. హంద్రీ పక్కన, కేసీ కెనాల్ పక్కన ఉన్న స్థలమైతే నీటిపారుదల శాఖ హద్దు ఎక్కడిదాకా ఉందో తేల్చుకోకుండా కదలకండి.

లాయర్ నా చేతికి ఏమివ్వాలి?

లెటర్‌హెడ్ మీద, తేదీ వేసి, సంతకం పెట్టిన లీగల్ ఒపీనియన్. ‘బాగుంది, కొనుక్కోండి’ అని నోటితో చెబితే సరిపోదు. ఆయన చూసిన ప్రతి కాగితం నంబర్, తేదీ అందులో ఉండాలి. ఏది ఒరిజినల్ చూశాడో, ఏది జిరాక్స్ చూశాడో రాయాలి. మొదటి యజమాని నుంచి ఇప్పటి అమ్మేవాళ్ల దాకా ఆస్తి ఎలా చేతులు మారిందో వరుసగా, కనీసం ముప్పై ఏళ్లకు, చెప్పాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది చివర్లో ఉండే షరతుల భాగం. ‘ఫలానా ఇద్దరి సంతకాలు తీసుకుంటే, ఫలానా తనఖా రద్దు పత్రం వస్తే కొనొచ్చు’ అని రాసిన ఒపీనియన్ నిజాయితీగా రాసినది. ఆ షరతులన్నీ తీరాకే మిగతా డబ్బు కట్టండి.

ఫీజు ఎంత ఉంటుంది?

ఆస్తిని బట్టి, లాయర్‌ని బట్టి మారుతుంది. ముందే మాట్లాడుకుని, ఒపీనియన్‌కు ఎంత, అగ్రిమెంటు రాయడానికి ఎంత, రిజిస్ట్రేషన్ రోజు రావడానికి ఎంత అని విడివిడిగా రాయించుకోండి. మీరు కొన్నా మానుకున్నా ఒకే ఫీజు ఉండాలి. ‘రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంత శాతం’ అంటే వద్దనండి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం కలిపి 7.5 శాతం ప్రభుత్వానికి కడుతున్నాం. దాని పక్కన లాయర్ ఫీజు దగ్గర బేరమాడి పని తగ్గించుకోవడం నాకు సబబుగా కనపడదు.

ఫీజు కట్టుకోలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయొచ్చు.

రిజిస్ట్రేషన్ రోజు లాయర్ ఉండాలా?

ఉంటే మంచిది. ఆ రోజు పొద్దున ఇంకోసారి ఈసీ తీయాలి, నిన్న ఎవరికైనా రాసిచ్చాడేమో తెలుస్తుంది. ఒరిజినల్స్ అన్నీ మీ చేతికి వచ్చాకే చివరి డీడీ ఇవ్వాలి. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవాళ్లలో మంచం పట్టిన పెద్దవాళ్లుంటే, సబ్ రిజిస్ట్రార్ ఇంటికి వచ్చి సంతకం తీసుకునే వీలు చట్టంలో ఉంది. ‘ఆమె రాలేదు, తర్వాత పెడుతుంది’ అనే మాటకు ఒప్పుకోవద్దు.

మధ్యలో లాయర్ మీద నమ్మకం పోతే?

మార్చండి. అప్పటిదాకా చేసిన పనికి ఫీజు ఇచ్చి కాగితాలు వెనక్కి తీసుకోండి. అసలు మొదటినుంచీ జిరాక్సులే ఇస్తే, ఒరిజినల్స్ చూపించి వెంటనే తెచ్చుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. లాయర్ అవతలి పార్టీతో కుమ్మక్కయ్యాడని రుజువులుంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద వాళ్లు విచారిస్తారు.

రిజిస్ట్రేషన్ అయ్యాక లాయర్‌తో ఇంకేమైనా పని ఉంటుందా?

కొద్దిగా. నగరపాలక సంస్థలో ఇంటిపన్ను మీ పేరుకు మార్పించుకోవాలి. కరెంటు, నీటి కనెక్షన్లు కూడా. ఒక నెల ఆగి మీ పేరు మీద కొత్త ఈసీ తీయించి, అందులో మీ దస్తావేజు నంబర్, ఇంటి నంబర్, చెక్కుబందీ సరిగ్గా ఎక్కాయో లేదో లాయర్‌కి చూపించండి. అచ్చు తప్పు ఉంటే సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్ల సంతకం కావాలి. వాళ్లు ఊళ్లో ఉండగానే, ఫోన్ ఎత్తుతుండగానే ఆ పని ముగించుకోండి.